ఏడు ఆటల డేరా

పోయిన నెల పద్నాలుగో తేదీ, శుక్రవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు, జనగామలో మా ఇంటి వెనక వసారాలో కూర్చుని, చాయ్ తాగేపాటి వేడికి చల్లారేలోగా, రోజూ చదివే పేజీని ఫోనులో తెరిచాను. కొత్త వీడియో గేముల ప్రకటనలు, ఫోన్ల సంగతులు, రకరకాల యంత్రాల వార్తలు, చదివేవాళ్లే తలా ఒకటి తెచ్చి అందులో పెడుతుంటారు. మా అన్న మనవరాలు రెండేళ్ల కిందట నన్ను అందులో చేర్చింది, అప్పటి నుంచి అన్నం మానినా అది మానలేదు. ఆ రోజు ఎవరో ఒక పాఠకుడు, అరచేతిలో పట్టే చిన్న ఆట యంత్రం ఒకటి రాబోతున్నదనీ, అందులో పదివేల పాత ఆటలు ఉంటాయనీ ఒక ప్రకటన తెచ్చి పెట్టాడు. దాని కింద అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం, పదివేలలో వేరువేరు ఆటలు ఎన్ని, ఎవరైనా లెక్కపెట్టారా అని రాశాను. చాయ్ తాగి గ్లాసు కడిగి వచ్చేసరికి తొమ్మిది మంది నవ్వి పోయారు. ఒక పిల్లవాడు పదివేలు ఎవరు లెక్కపెడతారు ఆంటీ అన్నాడు. ఇంకొక ఆయన మర్యాదగానే, ఈ వయసులో మీకు ఈ ఆటల గొడవ ఎందుకండీ అని అడిగాడు.

మొదటి ప్రశ్నకు అక్కడే జవాబు రాశాను, నేను లెక్కపెడతాను అని. రెండోదానికి అక్కడ ఉన్న చోటు చాలదు, చెప్పినా ఆ పిల్లలకు అర్థం కావడానికి జాతర డేరా అంటే ఏమిటి, జనరేటర్ మోత అంటే ఏమిటి అని మొదటి నుంచి చెప్పాలి. మీలో నా ఈడు వాళ్లకు అవి చెప్పనవసరం లేదు కనుక, ఇక్కడ రాస్తున్నాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన చిన్న ఊరు. నేను పదో తరగతి పాసయ్యాను, మా వాడలో ఆడపిల్లల్లో మొదటిదాన్ని. గొంతు కొంచెం పెద్దది, అక్షరం మింగకుండా పలికేదాన్ని, అంకె తప్పు చదివేదాన్ని కాదు. అందువల్ల మా వాడలో పెళ్లయితే కట్నాలు రాసేది మా పెద్దనాయన, మైకులో చదివేది నేను. మీకు గుర్తుండే ఉంటుంది, పెళ్లి భోజనాల వేళకు పందిట్లో ఒక బల్ల వేసేవారు, బంధువులు వచ్చి ఇచ్చినదాన్ని ఊరు, పేరు, వరస, మొత్తం అన్నీ చెప్పి మైకులో చదివించేవారు. ఫలానా ఊరి కాపురస్తులు, పెళ్లికొడుకు మేనమామ, అక్షరాలా నూట పదహార్లు అని చదివితే, ఆ మేనమామ విననట్టు అటు తిరిగి నిలబడి మొత్తం వినేవాడు. పేరు చదవడం మరిచిపోతే మూడు తరాల పాటు మాటలుండవు. ఒక్క పేరు కూడా నేను మరవలేదు.

నా పెళ్లయిన రెండో ఏడే ఇంటాయన పోయాడు. పుట్టింటికి వచ్చాను. ఆ తర్వాత వాడలో పెళ్లిళ్లు జరిగాయి, కట్నాలు చదివించారు, మైకు మాత్రం నా చేతికి రాలేదు. వద్దని ఎవరూ అనలేదు, పిలవడం మానేశారంతే. నేనూ అడగలేదు. ఏటా మాఘం వచ్చేసరికి మహబూబాబాద్ వైపు మిరపకాయ ఏరడానికి ముఠాతో పోయేదాన్ని. కళ్లు మండుతాయి, చేతులు మండుతాయి, ఆ చేతులతో ముఖం తుడుచుకోకూడదు, మాట్లాడితే దగ్గు వస్తుంది కనుక ఎవరూ మాట్లాడరు. మూడేళ్లు ఆ పని చేశాను. ఆ మూడేళ్లలో నా గొంతు పెద్దదన్న సంగతి నాకే గుర్తు లేకుండా పోయింది.

తొంభై రెండు చివర్లో మా అక్క భర్త, అంటే మా బావ, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. పద్నాలుగు అంగుళాల రంగుల టీవీ, దానికి తగిలించుకునే వీడియో గేము సెట్టు, రెండు రిమోట్లు, ఒక క్యాసెట్ తెచ్చాడు. క్యాసెట్ అంటే పాటల క్యాసెట్ కాదు, అంతకంటే లావుగా, పసుపు రంగులో, సెట్టులో పైనుంచి దిగ్గొట్టేది. దాని మీద బొమ్మల మధ్య పెద్ద అక్షరాలతో 999 అని ఉండేది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు. అక్కావాళ్ల ఇంట్లో ఆ సెట్టును చూడడానికి వచ్చిన జనానికి గడప విరిగింది. అది చూసి మా అన్నకు ఆలోచన వచ్చింది. అద్దె జనరేటర్, పాత పరదాలు కుట్టిన డేరా, ఒక మైకు, జాతర జాతరకు తిప్పితే ఎట్లా ఉంటుంది అని. బావ ఒప్పుకున్నాడు, ఒక షరతు పెట్టాడు. తాను శివరాత్రి తర్వాత మళ్లీ దుబాయి పోతాడు, శివరాత్రికే అయ్యే కురవి జాతర దాకా చూస్తాడు, అక్కడ డేరా నిలబడితే సెట్టు మాదగ్గరే ఉంటుంది, నిలబడకపోతే వరంగల్లులో ఒక దుకాణం ఆయన అడుగుతున్నాడు, ఆయనకు ఇచ్చేస్తాడు.

మైకు పట్టడానికి మా అన్నకు నోరు తిరగదు. ముగ్గురు నలుగురిని అడిగి చూసి, చివరికి నా దగ్గరికి వచ్చి, తలుపు చెక్కను గోటితో గీకుతూ, "నువ్వు జెప్తవా చెల్లె?" అన్నాడు. ఆ ఏడు మిరప ముఠాకు రానని కబురు పంపాను.

మొదట గార్ల వారపు అంగడిలో డేరా వేశాం. పది నిమిషాలకు రూపాయి. అన్న తెల్లని బట్ట మీద ఎర్ర రంగుతో 999 ఆటలు అని రాసి కట్టాడు, నేను మైకులో అదే చెప్పాను. జనం బాగానే వచ్చారు. రెండో అంగడికి, దగ్గరి తండా నుంచి ఒక యువకుడు వచ్చి, ముందటి వారం అయిదో ఆట ఆడాను, ఈసారి ఆరు వందల పన్నెండో ఆట పెట్టమన్నాడు. అన్న పెట్టాడు. రెండు నిమిషాలు చూసి రిమోట్ కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"అక్కా, గిది పోయిన వారం ఆడిన ఆటనే. మొగులు రంగు మార్చిండ్రు, గంతే."

అన్న అందుకుని, లేదు తమ్మీ, వేరేదే, జర చూడు అన్నాడు.

"నాకు తెల్వదా అన్నా? మేకకు రంగు పూస్తె బర్రె అయితదా? మైకుల తొమ్మిదొందలు, లోపల ఒక్కటే. కురవికి మా తండ అంతా వస్తరు. ఆడ అందరి ముందట అడుగుత, ఏం జెప్తవో ఇప్పుడే ఆలోచించుకో."

రూపాయి వెనక్కి ఇస్తే తీసుకోలేదు. అదీ నన్ను పట్టుకున్నది. రూపాయి కోసం వచ్చిన గొడవ కాదు అది.

ఇంటికి వచ్చాక అవ్వ దగ్గర చింతగింజలు అడిగి తెచ్చుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, ప్రతి ఆటా తెరవడం, ఇంతకు ముందు చూసినదైతే ఆ కుప్పలో గింజ వేయడం, కొత్తదైతే కొత్త కుప్ప పెట్టడం. కరెంటు ఉన్నంత సేపే కనుక మూడు రోజులు పట్టింది. కొన్నింటిలో ఆకాశం రంగు వేరు, కొన్నింటిలో ఆట నడిమధ్య నుంచి మొదలవుతుంది, కొన్నింటికి పేరొక్కటే వేరు. మూడో రోజు సాయంత్రం తొమ్మిది వందల తొంభై తొమ్మిదో గింజ వేసేసరికి నా ముందు ఏడు కుప్పలున్నాయి. అన్నిటికంటే పెద్దదాంట్లో రెండు వందల పదహారు గింజలు, చిన్నదాంట్లో ఎనభై ఎనిమిది. అవ్వ వచ్చి చూసి, ఏడు కుప్పలు పెట్టడానికి మూడు రోజులా అని గింజలన్నీ ఒక్క ఊపున ఎత్తి గంపలో పోసుకుని పోయింది.

అన్నకు చెప్పాను. మొదట నవ్వాడు, తర్వాత నేను నవ్వడం లేదని చూశాడు.

"జాతర్ల ఎవడు లెక్కవెడ్తడు చెల్లె?"

"గార్ల ఆయన పెట్టిండు గద."

"అరే, క్యాసెట్ మీదనే ఉన్నది. నేను రాసిన్నా?"

"క్యాసెట్ మైకు పట్టుకోదన్నా. నేను పట్టుకుంటున్న."

"ఏడు అంటే ఎవడన్న లోపలికొస్తడా? సెట్టు పోతది. నువ్వు మళ్ల మిరప తోటకు పోతవు. పో మరి."

ఆ మాట నిజమే, అందుకే ఆ రాత్రంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఏడు అని చెబితే డేరా పోవచ్చు, డేరా పోతే మైకు పోతుంది, మైకు పోతే మిరప చేనులో నోరు కట్టుకుని వంగి నిలబడాలి. తొమ్మిది వందలు అని చెబితే మైకు ఉంటుంది, కానీ అంకె తప్పు చదవని పిల్ల అని నాకున్న ఒకే ఒక పేరు పోతుంది. ఏది పోయినా నాది నాకు మిగలదు. పొద్దున్నే లేచి, ఆ బట్ట కడితే నేను రానని చెప్పాను. అన్న నాతో మాట్లాడకుండానే బట్టను మడిచి జనరేటర్ కింద నూనె కారకుండా పరిచాడు. కురవి పోయేదాకా ఆ 999 మీద నూనె కారుతూనే ఉంది.

కురవిలో మా డేరాకు ఒక పక్క బావిలో మోటార్ సైకిల్ తిప్పేవాళ్లు, ఇంకో పక్క నలభై వింతలు అని ఒక గుడారం. వాళ్ల మైకుల మధ్య నేను నిలబడి, ఏడు ఆటలు, ఒక్కొక్కటి వేరువేరు, పది నిమిషాలకు రూపాయి అని మొదలుపెట్టాను. పోయేవాళ్లు ఆగి, విని, పక్కకు పోయారు. ఒకాయన భుజం మీద కూతురితో నిలబడి, "ఏడేనా అక్కా? మా వాడకట్టు పోరగాండ్లు గోటీలతోనే పది ఆటలు ఆడ్తరు" అన్నాడు. ఇంకొకడు, "ఏడిటికి డేరా ఎందుకు, గా బండి మీద పెట్టుండ్రి" అని నవ్వాడు. పక్క గుడారం వాడు నా మాట విని తన మైకులో, నలభై చూస్తారా ఏడు చూస్తారా అని అందుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి లోపలికి వచ్చినవాళ్లు నలుగురు. అన్న కిరసనాయిలు దండగ అని జనరేటర్ ఆపేశాడు. బావ వాకిట్లో స్టూలు మీద కూర్చుని పాన్ నములుతూ చేతి గడియారం వైపు చూస్తున్నాడు. తిడితే బాగుండును అనిపించింది.

అప్పుడు గార్ల తండా యువకుడు వచ్చాడు. అన్నట్టే వెనక పన్నెండు మంది దాకా ఉన్నారు, అతని అమ్మ కూడా ఉంది, వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. చేతుల నిండా గాజులు, అద్దాల రవిక, నడకలో పొలం గట్టు మీద నడిచే నిదానం. అతను నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని ఆటలక్కా?"

"ఏడు."

"గార్లల తొమ్మిదొందలంటివి?"

"అప్పుడు తెల్వక చెప్పిన తమ్మీ. పోయి లెక్కవెట్టిన. ఏడే ఉన్నయి."

అతను వెనక ఉన్న తనవాళ్లను చూసి, మళ్లీ నన్ను చూశాడు. "మరి నేను ఇంత మందిని ఎందుకు తెచ్చిన? ఇప్పుడు నేనేం కొట్లాడాలె?" అన్నాడు నిజంగానే పరేషాన్ అయి. వాళ్లందరూ నవ్వారు. అతని యాడి మాత్రం నవ్వలేదు. ఇంత దూరం నడిచి వచ్చాం కదా, నన్ను కూర్చోబెట్టు, అదేందో నేనూ చూస్తాను అంది.

అన్న జనరేటర్ వేశాడు. ఏడు ఆటలకూ మేమే తెలుగు పేర్లు పెట్టుకున్నాం, కావలి, పేర్పుడు, దుంకుడు, బండ్ల పందెం, ఇమానం, ఇట్లా. ఆమెకు కావలి పెట్టాడు. తెర కింద ఒక చిన్న ఇల్లు, చుట్టూ ఇటుకలు, మనది ఒక ఫిరంగి బండి, పైనుంచి శత్రువుల బండ్లు వస్తాయి, అవి ఇంటిని పడగొట్టకుండా చూడాలి. ఆడినవాళ్లందరూ శత్రువుల వెంట ఉరికి పోయేవారు, వెనక ఇల్లు పోయేది. ఆమె ఉరకలేదు. పుట్టినప్పటి నుంచి మేకలు కాచిన మనిషి. ఇంటి ముందే నిలబడింది, ఏది దగ్గరికి వస్తే దాన్ని కొట్టింది, పోయేదాన్ని పోనిచ్చింది. రిమోట్ మీద ఆమె వేళ్లు పిసరంత కదులుతున్నాయి, గాజులు కూడా చప్పుడు చేయడం లేదు. పది నిమిషాలకు తెర మీద ఐదువేల రెండు వందలు పడింది. అంతవరకు మా డేరాలో ఎవరూ రెండువేలు దాటలేదు.

నేను మైకు పట్టుకుని ఉన్నాను. ఏడు ఆటలు అని వంద సార్లు చెప్పాను, ఇంక చెప్పడానికి ఏమీ లేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు, ఆ అంకె చూడగానే నా నోట్లో నుంచి ఏళ్ల కిందటి పెళ్లిపందిరి గొంతు వచ్చింది. యువకుణ్ని అడిగి ఆమె పేరు తెలుసుకుని, గార్ల మండలం, ఫలానా తండా కాపురస్తురాలు, ఫలానా ఆమె, కావలి ఆటలో, అక్షరాలా ఐదువేల రెండు వందలు అని, చివరి మాటను సాగదీసి, కట్నాలు చదివినట్టే చదివాను.

ఆమె రిమోట్ వదిలేసి లేచి నిలబడింది.

"ఓ బిడ్డా! నేనెప్పుడు ఇస్తనన్న? ఐదువేలా! నా మేకలన్ని అమ్మినా రావు!" కొడుకు వైపు తిరిగింది. "నువ్వు ఒప్పుకున్నవారా? నన్ను అడగకుండ ఒప్పుకున్నవా?"

"నేనేం ఒప్పుకోలె యాడీ..."

"మరి నా పేరు ఎట్ల సదివింది? ఊరు జెప్పింది, పేరు జెప్పింది, అందరు విన్నరు! రేపు ఇయ్యకపోతె నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె తప్పేమీ లేదు. మన దగ్గర మైకులో మనిషి పేరు చెప్పి, వెంటనే ఒక అంకె చెప్పారంటే అది ఆ మనిషి ఇచ్చిందే అయి ఉంటుంది, వేరే సందర్భం ఉండేది కాదు. వాళ్లవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు, ఆమె అరుస్తూనే ఉంది. నా మైకు ఇంకా నడుస్తూ ఉండడం నేను చూసుకోలేదు, ఆ అరుపంతా జాతర మీదికి పోయింది. మనవాళ్లు కొట్లాట అంటే ఎక్కడున్నా వస్తారు. నలభై వింతల ముందు నిలబడ్డవాళ్లు ఇటు వచ్చారు, బావి దగ్గర టికెట్టు కొన్నవాళ్లు కూడా వచ్చారు. ఎవరో ఐదువేలు చదివించారట, దేవునికా, డేరాకా, ఎవరామె అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. నేను కిందికి దిగి ఆమె చేయి పట్టుకున్నాను.

"యాడీ, ఒక్క పైస ఇయ్యద్దు. నువ్వు ఆడినదానికి పడ్డ లెక్క అది."

"ఇచ్చేది లేదా?"

"లేదు."

"ఒట్టి లెక్కనేనా?"

"ఒట్టి లెక్కనే. ఇప్పటిదాక గింత లెక్క ఎవ్వరికి పడలే."

ఆమె కొంగు సరిచేసుకుంది. చుట్టూ ఎంత మంది చేరారో అప్పుడు చూసింది.

"నా పేరు అందరు విన్నరా?"

"జాతరంత విన్నది."

"అయితె ఇంకోసారి సదువు" అంది. "మా వియ్యపురాలు బండ్ల కాడ ఉన్నది, ఆమె వినలె."

రెండోసారి చదివాను. ఈసారి ఇంకొంచెం సాగదీశాను. ఆమె అటు తిరిగి, విననట్టు నిలబడి, మొత్తం వింది.

ఆ తర్వాత నేను ఏడు ఆటలు అని చెప్పే పనే పడలేదు. గోటీల మాట అన్నాయనే కూతుర్ని దించి ముందు నిలబడ్డాడు. పేరు చదువుతవా అక్కా, ఊరు కూడా చదువుతవా, ఇంటిపేరుతో చదువు, ఆ ఇంటిపేరోళ్లు మా ఊళ్లో ఇంకొకరున్నారు అని అడిగేవారే. మహబూబాబాద్ నుంచి వచ్చినవాళ్లకు పేర్పుడులో రెండువేల ఎనిమిది వందలు వస్తే, రఘునాథపల్లి నుంచి చుట్టాల ఇంటికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు అది దాటేదాకా లేచేది లేదన్నారు. చీకటి పడేసరికి వరస పక్క గుడారం వాకిలి దాకా పోయింది, ఆ గుడారం వాడే మైకులో, ఏడు ఆటలవాళ్లు కొంచెం జరిగి నిలబడండి అని బతిమాలుకున్నాడు. దీపాలు ఆర్పే వేళకు బావ స్టూలు మీద నుంచి లేచి, పాన్ ఉమ్మేసి వచ్చి, "ఏడే నయం మర్దలా. సెట్టు ఈడనే ఉండనీ" అన్నాడు. అన్న నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదటి మాట, గొంతు పోతుంది, మిరియాలు నమలు అని.

పదిహేను రోజులకు భూపాలపల్లి వైపు కొడవటంచ జాతరకు పోయాం. అక్కడికి మాకంటే ముందే మా సంగతి చేరింది. బొగ్గు బావుల కాలనీ నుంచి వచ్చినవాళ్లు, కురవిలో ఎవరిది ఎంత చదివావు, ముందు అది చెప్పు అన్నారు. ఎవరి అంకె ఎవరు దాటారో ఒక జాతర నుంచి ఇంకో జాతరకు నేనే మోసుకుపోయేదాన్ని. జనం ఊరికే వినేవారు కాదు, వాళ్ల సంగతులూ తెచ్చేవారు. హైదరాబాద్‌లో కొత్త క్యాసెట్ వచ్చిందని ఒకరు, టీవీ లేకుండా అరచేతిలోనే ఆడే ఆట చూశామని ఒకరు, బావుల ఆఫీసులో కంప్యూటర్ పెట్టారని ఒకరు. అవన్నీ మైకులో చెప్పేదాన్ని, తెచ్చిన మనిషి పేరుతో. నాదొకటే నియమం, చూసినావా విన్నావా అని అడగడం. చూసినదైతే చూసినట్టు, విన్నదైతే విన్నట్టు చెప్పేదాన్ని. ఒకసారి ఒక పెద్దమనిషి, పలికితే పని చేసే యంత్రం వచ్చిందని చెప్పి, చూశారా అంటే తల గోక్కుని, "విన్న. కని మంచిగ విన్న" అన్నాడు. అదీ అట్లాగే చదివాను, మంచిగా విన్నారట అని. డేరా అంతా నవ్వింది, ఆయన కూడా.

ఇంకో సంగతి. రెండో ఏడు వేసవిలో మా వాడలో పెళ్లయితే, పెళ్లికూతురి నాయిన పనిగట్టుకుని మా ఇంటికి వచ్చి, కట్నాలు నువ్వే చదవాలె బిడ్డా, కురవిలో విన్న అన్నాడు. పోయాను. ఎవరూ ఏమీ అనలేదు.

డేరా ఐదేళ్లు తిరిగింది. తర్వాత జనగామ దుకాణాల్లోనే ఆట సెట్లు అమ్మడం మొదలైంది, కేబుల్ వచ్చింది, ఇంట్లో ఉన్నదాన్ని చూడడానికి జాతరలో రూపాయి ఎవరిస్తారు. నేను జనగామలో టెలిఫోన్ బూత్ పెట్టుకుని పన్నెండేళ్లు కూర్చున్నాను, అదీ సెల్‌ఫోన్లు వచ్చి మూతపడింది. దిగులు పడలేదు. ఒక యంత్రం పోతే ఇంకోటి వస్తుందని చదివి చెప్పినదాన్ని నేనే కదా.

ఇప్పుడు ఆటల ప్రకటన ఎక్కడ వెలువడినా, నా వసారాలోకి అదే నిమిషంలో వస్తుంది. కురవి నుంచి కొడవటంచకు పదిహేను రోజులు పట్టిన వార్త రెప్పపాటులో ప్రపంచం చుట్టి వస్తుంది, అది నాకు సంతోషమే. ఎవరి అంకె ఎంతో ఫోనే చూపిస్తుంది, దేశదేశాలవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి. మా అన్న మనవరాలి పేరు ఒక ఆటలో ఆరు వందల వరస దగ్గర ఉంది. చూపించింది. నేను గట్టిగా చదవబోతే, ఎందుకు నానమ్మా, అందరికీ కనిపిస్తూనే ఉంది కదా అంది. నిజమే. కనిపిస్తూనే ఉంది. బండ్ల దగ్గర ఆగిపోయిన వియ్యపురాలి కోసం మళ్లీ చదవమని అడిగేవాళ్లు మాత్రం లేరు.

పోయినవి లెక్క రాసి ముగిస్తాను. డేరా ఒకటి, గాలివానకు. టీవీ ఒకటి, పిడుగుకు. రిమోట్లు రెండు, జనం చేతుల్లో అరిగి. సెట్టు ఒకటి, అక్క కొడుకు విప్పి మళ్లీ బిగించలేకపోయాడు. క్యాసెట్ ఉంది, పెట్టడానికి ఏమీ లేదు గానీ ఉంది, కనుక పోయిన లెక్కలో రాదు. జనరేటర్ పక్కన కూర్చున్నందుకు అన్న కుడి చెవి. బావ. మేము పెట్టుకున్న ఏడు పేర్లలో రెండు, అన్నను అడిగినా చెప్పలేకపోయాడు. మైకులో చదివిన మనుషుల పేర్లు దాదాపు అన్నీ. గార్ల యాడిది అంకె ఉంది, ఐదువేల రెండు వందలు. ఆట ఉంది, కావలి. రెండుసార్లు చదివిన గొంతు కూడా ఉంది. ఆమె పేరు పోయింది.